కుకమ్: థేమ్స్ ఒడ్డున ఉమ్మడి నిర్ణయాలు నిలబెట్టిన ఊరు

ఆగ్నేయ ఇంగ్లండులోని బర్క్‌షైర్ కౌంటీలో, థేమ్స్ నది కుడి గట్టున ఉన్న గ్రామం కుకమ్. లండన్‌కు పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు, మెయిడెన్‌హెడ్ పట్టణానికి ఉత్తరంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నది దాటితే బకింగ్‌హామ్‌షైర్. పరిపాలనపరంగా ఇది విండ్సర్, మెయిడెన్‌హెడ్ రాయల్ బరోలో ఒక పారిష్. ఆ పారిష్‌లో మూడు వాడలున్నాయి: చర్చి, హై స్ట్రీట్ ఉన్న ఏటి ఒడ్డు పాత ఊరు, రైలు స్టేషన్ చుట్టూ పెరిగిన కుకమ్ రైజ్, పడమటి మిట్ట మీద చెట్ల మధ్య విడివిడిగా పరుచుకున్న కుకమ్ డీన్. 2011 జనాభా లెక్కల నాటికి మూడింటిలో కలిపి ఆరు వేలకు లోపే జనం. ఇంత చిన్న ఊరికి చరిత్రలోనూ, చిత్రకళలోనూ, పర్యాటకుల దారిలోనూ తన జనాభాకు మించిన చోటు దక్కింది. చూడడానికి వచ్చినవారు సాధారణంగా దీన్ని కాలం తాకని ఊరు అంటారు. ఆధారాలు మాత్రం ఇందుకు విరుద్ధంగా చెబుతున్నాయి. కుకమ్‌ను కాలం ప్రతి తరంలోనూ తాకింది. నేడు అక్కడ అందరూ అనుభవిస్తున్న ప్రతి సదుపాయం వెనుకా ఫలానా కాలంలో ఫలానా మనుషులు కలిసి చేసిన నిర్ణయం ఒకటి ఉంది. అలాంటి నిర్ణయం జరగని చోట్ల పాతవి నిశ్శబ్దంగా పోయాయి కూడా. అందుకే ఈ ఊరి చరిత్రను ఒక చోట, సదుపాయాలను మరో చోట చెప్పడం కుదరదు. ఒకటి రెండోదానికి కారణం.

నేల, నీరు

కుకమ్ దగ్గర థేమ్స్ ఒకే ప్రవాహంగా సాగదు. వంతెన దాటగానే పాయలుగా చీలి, సాషెస్, ఓడ్నీ, ఫార్మోసా లంకలను చుట్టుకుంటూ పారి, తూర్పున క్లివ్‌డెన్ భవనం నిలబడ్డ నిటారు గుట్ట కిందికి చేరుతుంది. ఊరికి వాయవ్యంగా వింటర్ హిల్ అనే సుద్దరాతి కొండ ఉంది. ఆ కొండ పాదానికీ నదికీ మధ్య కాక్ మార్ష్ అనే తడి పచ్చిక మైదానం. పాత ఊరు కాస్త ఎత్తైన కంకర నేల మీద కట్టింది. దానికీ స్టేషన్ వైపు వాడకీ నడుమ కుకమ్ మూర్ అనే పల్లపు పచ్చిక ఉంది. నది పొంగితే మొదట నిండేది ఈ మూరే. అప్పుడు పాత ఊరు దాదాపు లంకగా మారుతుంది. 2014 తొలి నెలల్లో థేమ్స్ లోయ అంతా మునిగినప్పుడు మూర్ మీది రోడ్డు నీళ్లలో ఉండిపోయింది. కాలినడకన వెళ్లేవాళ్లు మాత్రం ఎత్తుగా కట్టిన కాజ్‌వే బాట మీదుగా దాటగలిగారు. నీటి పక్కన బతకడమంటే నీటితో రాజీ కుదుర్చుకుంటూ బతకడమే. ఆ రాజీకి ఖర్చుంటుంది. ఒక్క ఇంటివాడు భరించగల ఖర్చు కాదది. మూర్‌ను ఖాళీగా వదలడం, దాని మీద ఎత్తైన బాట కట్టుకోవడం ఆ రాజీలోని భాగాలే.

రెండు రాజ్యాల సరిహద్దు

కాక్ మార్ష్ మీద కంచు యుగం నాటి సమాధి దిబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. నది పక్కన ఈ తావును మనుషులు ఎంత ముందుగా ఎంచుకున్నారో అవి చెబుతాయి. రాతపూర్వక చరిత్ర మాత్రం ఎనిమిదో శతాబ్దంలో, ఒక మఠం గురించిన తగాదాతో మొదలవుతుంది. ఆనాడు థేమ్స్‌కు ఉత్తరాన మెర్సియా, దక్షిణాన వెసెక్స్ రాజ్యాలు బలంగా ఉండేవి. కుకమ్ మఠాన్ని మెర్సియా రాజు ఈథెల్‌బాల్డ్ కాంటర్బరీ చర్చికి దానం చేశాడు. ఆ తర్వాత వెసెక్స్ రాజు కిన్‌వుల్ఫ్ చేతికి వెళ్లింది. అతని నుంచి మెర్సియా రాజు ఓఫా లాక్కున్నాడు. ఓఫా 796లో చనిపోయాక, 798లో క్లోవెషో మహాసభలో పరిష్కారం కుదిరింది. ఓఫా భార్య కినెథ్రిత్ కెంట్ ప్రాంతంలోని భూములను కాంటర్బరీకి ఇచ్చి, బదులుగా కుకమ్ మఠాన్ని పొందింది. భర్త పోయాక సన్యాసినుల మఠాధిపతిగా జీవించిన ఈ రాణికి మరో ప్రత్యేకత ఉంది. ఆంగ్లో-సాక్సన్ కాలపు రాజుల భార్యలలో తన పేరుతో నాణేలు వెలువడినట్టు స్పష్టంగా తెలిసినది ఆమె ఒక్కతే. చాలాకాలం ఈ మఠం కాగితాల్లోనే ఉండింది, నేల మీద జాడ దొరకలేదు. 2021లో రెడింగ్ విశ్వవిద్యాలయ పురావస్తు బృందం హోలీ ట్రినిటీ చర్చి పక్కనే తవ్వకాలు జరిపి కొయ్య కట్టడాల ఆనవాళ్లు, కుండపెంకులు, తిండి అవశేషాలు, కంచు కంకణం ఒకటి బయటపెట్టింది. మఠం ఇప్పటి చర్చి తావులోనే ఉండేదన్న నిర్ధారణకు అలా వీలు కలిగింది.

ఈ తగాదా అంతా ఒకే కారణం మీద నడిచింది. కుకమ్ రెండు రాజ్యాల అంచున, నది దాటే చోట ఉంది. ఇక్కడి మఠాన్ని పట్టుకున్నవారికి రేవు మీదా, నదిలో సాగే సరుకు మీదా పట్టు దొరుకుతుంది. వైకింగుల దాడుల కాలంలో ఇదే కారణం మరో రూపం ధరించింది. వెసెక్స్ రక్షణ కోటల జాబితాగా పేరుపొందిన బర్గల్ హైడేజ్‌లో సాషెస్ లంక పేరుంది. నదిలో పైకి వచ్చే శత్రు నావలను అడ్డుకోవడానికి ఆ లంక అనువైన చోటు. ప్రమాదం తగ్గాక కోటకు పని లేకపోయింది, లంక తిరిగి పచ్చికగా మారింది. ఊరు మాత్రం రాచ గ్రామంగా కొనసాగింది. పదో శతాబ్దం చివర్లో ఈథెల్‌రెడ్ రాజు తన పెద్దల సభను ఇక్కడ జరిపాడు. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో కుకమ్ రాజు సొంత భూమిగా నమోదైంది. అందులో మరల గురించీ, చేపల పట్టుబడి గురించీ, కొత్తగా వెలసిన సంత గురించీ ప్రస్తావన ఉంది. పన్నెండో శతాబ్దంలో కట్టడం మొదలైన హోలీ ట్రినిటీ చర్చి ఆ పాత ప్రాధాన్యానికి నేటికీ నిలిచిన సాక్ష్యం. కోట పోయి చర్చి మిగలడంలోనే ఈ వ్యాసం వాదన తొలి రూపంలో కనిపిస్తుంది. కోటను నిలిపింది ఒక రాజు తాత్కాలిక అవసరం. చర్చిని నిలిపింది ఊరందరి నిత్య వాడుక. అవసరం తీరగానే మొదటిది కూలింది. తరతరాలూ మరమ్మతులు చేయించుకుంటూ రెండోది నిలిచింది.

లాకు, వంతెన, రైలు

పందొమ్మిదో శతాబ్దం కుకమ్‌కు మూడు పెద్ద మార్పులు తెచ్చింది. మూడూ నదిని దాటడం, నదిలో సాగడం, నదిని విడిచి వెళ్లడం చుట్టూ తిరిగినవే. మొదటిది 1830లో కట్టిన లాకు. అంతకుముందు సరుకు పడవలు హెడ్సర్ వైపు వంకరపాయలో నానా కష్టాలు పడి సాగేవి. సాషెస్ లంకకు అడ్డంగా కొత్త కాలువ తవ్వి, లాకు పెట్టి, దారిని తిన్నగా చేశారు. పడవలవాళ్లకు లాభం కలిగింది. హెడ్సర్ రేవు యజమాని లార్డ్ బోస్టన్ మాత్రం తన వైపు రాకపోకలు పడిపోయాయని పరిహారం కోరాడు. ప్రజోపయోగ పని ఏదైనా ఎవరో ఒకరి పాత ఆదాయాన్ని తగ్గిస్తుందని, ఆ నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్న పనితో పాటే పుడుతుందని ఈ చిన్న తగాదా చూపుతుంది. గుర్రాలు పడవలను లాగే గట్టుదారి కూడా ఇక్కడ ఒకే ఒడ్డున సాగేది కాదు. ఒడ్డులు మారుతుండడంతో కొద్ది దూరంలోనే మూడు చోట్ల బల్లకట్టు మీద దాటవలసి వచ్చేది.

రెండోది వంతెన. 1840లో ఒక ప్రైవేటు కంపెనీ కొయ్య వంతెన కట్టి, దాటినవారి దగ్గర సుంకం వసూలు చేసింది. రెండు దశాబ్దాలకే అది శిథిలమైంది. 1867లో దాని స్థానంలో ఇనుప వంతెన లేచింది. డార్లింగ్టన్‌లోని పీస్, హచిన్సన్ కంపెనీ కట్టిన ఈ వంతెనకు అయిన ఖర్చు 2,520 పౌన్లు. థేమ్స్ మీద ఆ పరిమాణం గల వంతెనల్లో చవకైనదిగా అప్పట్లో పేరుపొందింది. చవకగా కట్టినంత మాత్రాన దాటడం చవక కాలేదు. ఎనభై ఏళ్లు సుంకం కొనసాగింది. 1947లో బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఆ వంతెనను కొని సుంకం ఎత్తివేసింది. సుంకం వసూలు చేసిన ఇల్లు వంతెన మొదట్లో ఇంకా ఉంది. నేడు ఆ వంతెన మీద వాహనాలు ఒక్కో వైపు నుంచి వంతులవారీగా వెళ్లేంత సన్నని దారే ఉంది. అయినా అది ఎవరినీ డబ్బు అడగని దారి. ఆ సౌకర్యానికి పుట్టిన తేదీ 1867 అనడం కన్నా 1947 అనడమే సరి. ఇనుము కంపెనీ ఇచ్చింది. దారిని అందరిదిగా చేసింది కౌన్సిల్ నిర్ణయం.

మూడోది రైలు. వికమ్ రైల్వే కంపెనీ 1854 ఆగస్టు 1న మెయిడెన్‌హెడ్ నుంచి హై వికమ్ వరకు మార్గం తెరిచినప్పుడు కుకమ్‌కు స్టేషన్ వచ్చింది. అది పాత ఊరికి కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ దూరంలో, మూర్‌కు అవతల పడింది. దాంతో కొత్త ఇళ్లు, దుకాణాలు స్టేషన్ చుట్టూ లేచాయి. అలా పుట్టిందే కుకమ్ రైజ్. రైలు వచ్చాక పల్లె చచ్చిపోతుందన్న భయం ఆ శతాబ్దంలో చాలామందిది. కుకమ్‌లో జరిగింది వేరు. ఊరు తెగి రెండైంది. కొత్త బరువును కొత్త వాడ మోసింది, మధ్యలో మూర్ ఖాళీగా నిలిచి పాత వీధిని ఒత్తిడి నుంచి కాపాడింది. 1970లో బోర్న్ ఎండ్, హై వికమ్‌ల మధ్య పట్టాలు మూతపడ్డాయి. మెయిడెన్‌హెడ్ నుంచి కుకమ్ మీదుగా బోర్న్ ఎండ్‌కూ, అక్కణ్ణుంచి మార్లోకూ సాగే శాఖ మాత్రం బతికింది. అందుకే నేటికీ కుకమ్‌వాసి మెయిడెన్‌హెడ్‌లో బండి మారి లండన్‌కు ఉద్యోగానికి వెళ్లి రాగలుగుతున్నాడు. అదే వ్యక్తి రైల్లో హై వికమ్‌కు నేరుగా వెళ్లలేడు. బతికిన సదుపాయంతో పాటు పోయిన సదుపాయాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. ఏదీ తనంతట తాను నిలవదనడానికి పోయినవే గట్టి రుజువు.

ఉమ్మడి బీళ్లు

ఈ వాదనకు మూలస్తంభం ఊరుమ్మడి భూముల కథ. ఇంగ్లండులో ‘కామన్’ అని పిలిచే బీళ్లు పేరుకు ఉమ్మడివైనా, చట్టరీత్యా యాజమాన్యం సాధారణంగా భూస్వామిదే. ఊరివారికి ఉండేది పశువులు మేపుకునే, కట్టెలు ఏరుకునే వాడుక హక్కు. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాల అండతో ఇలాంటి బీళ్లు లక్షల ఎకరాల మేర కంచెలు వేసుకుని సొంత పొలాలైపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో ప్రమాదం మరో వైపు నుంచి వచ్చింది. లండన్ పెరుగుతూ, రైలు మార్గాల వెంబడి ఇళ్ల స్థలాల గిరాకీ పల్లెలదాకా పాకింది. అటువంటి సమయంలో కుకమ్, మెయిడెన్‌హెడ్ ప్రాంతపు నివాసులు చందాలు వేసుకుని భూస్వామ్య హక్కులను కొన్నారు. 1934లో ఆ బీళ్లను నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. కుకమ్ మూర్, కాక్ మార్ష్, వింటర్ హిల్ పరిసరాలు, మరికొన్ని బీళ్లు కలిపి అవి 800 ఎకరాలకు పైగా ఉంటాయి. కొన్నవారు ఆ భూమిని పంచుకోలేదు, తమ పిల్లలకూ రాసివ్వలేదు. తిరిగి అమ్ముకోలేని విధంగా ఒక ధర్మసంస్థ చేతిలో పెట్టారు. తమ చేతులను తామే కట్టేసుకోవడం ఈ నిర్ణయంలోని వివేకం. తర్వాతి తరాలకు డబ్బు ఆశ పుట్టినా ఈ భూమి వారికి అందదు.

కాక్ మార్ష్‌ను దగ్గరగా చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఉమ్మడి భూమిగా దానికి 1272 నుంచి నమోదుంది. ఇంగ్లండులో అతి కొద్ది చోట్ల మాత్రమే పెరిగే ఒక రకం తుంగ అక్కడి గుంటల అంచుల్లో మొలుస్తుంది. ఆ మొక్కకు ఎండలో బయటపడ్డ తడి బురద కావాలి. పశువులు గుంటలకు నీళ్లకు దిగి గిట్టలతో గట్టును తొక్కితేనే గడ్డి కమ్ముకోకుండా ఆ బురద నిలుస్తుంది. పశువులను మేపడం ఆపి, చుట్టూ కంచె వేసి, ప్రకృతిని దాని మానాన వదిలేస్తే ఆ అరుదైన మొక్కే ముందుగా మాయమవుతుంది. వందల ఏళ్లుగా సాగిన మేత హక్కు, దాన్ని కొనసాగిస్తున్న నేటి నిర్వహణ కలిసి ఆ తుంగను కాపాడుతున్నాయి. ఊరికి వర్తించే సూత్రమే ఊరి పక్క బురదకూ వర్తిస్తోందన్నమాట. వాడుక ఆగితే అందమూ పోతుంది.

చిత్రకారుడు ఇచ్చింది, తీసుకున్నది

ప్రపంచంలో చాలామందికి కుకమ్ పేరు తెలిసింది చిత్రకారుడు స్టాన్లీ స్పెన్సర్ వల్ల. ఆయన 1891లో హై స్ట్రీట్‌లోని ఫెర్న్‌లీ అనే ఇంట్లో పుట్టాడు. 1908 నుంచి 1912 దాకా లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదువుతూ రోజూ రైల్లో ఇంటికి తిరిగొచ్చేవాడు. ఎప్పుడూ ఊరి మాటే చెప్పే అతనికి తోటి విద్యార్థులు కుకమ్ అనే ముద్దుపేరు తగిలించారు. 1915లో మొదలుపెట్టిన ‘స్వాన్ అప్పింగ్ ఎట్ కుకమ్’ చిత్రాన్ని యుద్ధసేవ మధ్యలో ఆపేసింది. మాసిడోనియా నుంచి తిరిగొచ్చి 1919లో దాన్ని పూర్తిచేశాడు. పడవల్లో కట్టిన హంసలు, వెనక ఇనుప వంతెన, టర్క్ కుటుంబపు పడవల రేవు అందులో కనిపిస్తాయి. 1924 నుంచి 1927 వరకు గీసిన ‘ది రిసరెక్షన్, కుకమ్’లో ఊరి చర్చి ఆవరణలోనే మృతులు సమాధుల నుంచి లేచి వస్తారు. ఐదు మీటర్లకు పైగా వెడల్పున్న ఆ చిత్రం నేడు లండన్‌లోని టేట్ సంగ్రహంలో ఉంది. స్పెన్సర్‌కు కుకమ్ ముచ్చటైన దృశ్యంగా కనిపించలేదు. బైబిలు కథలు జరగదగిన నేలగా కనిపించింది. రోజూ చూసే గోడలు, వీధి మలుపులు, పొరుగువారి ముఖాలు అతని చిత్రాల్లో పవిత్ర సన్నివేశాలయ్యాయి. 1959లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, ఆ ఏడాది డిసెంబరులోనే మరణించాడు.

మూడేళ్లకు, 1962లో, ఊరి నడుమ స్టాన్లీ స్పెన్సర్ గ్యాలరీ తెరుచుకుంది. దానికి కొత్త భవనమేదీ కట్టలేదు. స్పెన్సర్ చిన్నతనంలో కుటుంబంతో కలిసి ప్రార్థనకు వెళ్లిన పాత వెస్లియన్ చాపెల్‌నే గ్యాలరీగా మార్చారు. ప్రధానంగా స్వచ్ఛంద సేవకుల శ్రమతో అది నడుస్తోంది. ఆయన సామగ్రి వేసుకుని వీధుల్లో తోసుకెళ్లిన పిల్లల బండినీ, పూర్తికాకుండా మిగిలిన ‘క్రైస్ట్ ప్రీచింగ్ ఎట్ కుకమ్ రెగట్టా’ చిత్రాన్నీ అక్కడ చూడవచ్చు. సాహిత్యంలోనూ ఊరికి వాటా ఉంది. రచయిత కెన్నెత్ గ్రాహమ్, 1864లో తల్లి చనిపోయాక, కుకమ్ డీన్‌లో అమ్మమ్మ దగ్గర కొంతకాలం పెరిగాడు. 1906లో తిరిగి ఆ వాడకే వచ్చి నివసించాడు. నదీ జంతువుల కథైన ఆయన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ 1908లో వెలువడింది. అందులోని అడవికి దగ్గర్లోని క్వారీ వుడ్ స్ఫూర్తి అని చాలామంది చెబుతారు.

నేటి సదుపాయాలు

ఈ నేపథ్యంలో చూస్తే నేటి కుకమ్ సదుపాయాల పట్టికకు అర్థం వస్తుంది. పాత ఊరి హై స్ట్రీట్‌లో పాత ఇటుక ఇళ్లు, భోజనశాలలు, పబ్బులు, గ్యాలరీ ఉన్నాయి. 1967 నాటి సివిక్ అమెనిటీస్ చట్టం ప్రవేశపెట్టిన పరిరక్షణ ప్రాంతాల పద్ధతి ఆ వీధికి వర్తిస్తుంది. ముందు తరాలు ‘టారీ స్టోన్’ అని పిలిచిన పెద్ద రాయి ఆ వీధి చివర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అది ఒకరి తోటలోకి చేరితే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరిగి వీధికి తెచ్చుకున్నారు. వైద్యకేంద్రం, నిత్యావసర దుకాణాలు, రైలు స్టేషన్ వంటి రోజువారీ వసతుల బరువు ఎక్కువగా కుకమ్ రైజ్ వైపు ఉంది. కుకమ్ డీన్‌లోని జాలీ ఫార్మర్ పబ్బును 1987లో ఊరివాళ్లే కలిసి కొన్నారు. ఇంగ్లండు పల్లెలో పబ్బంటే సమావేశ స్థలం, వార్తా కేంద్రం, వృద్ధులకు తోడు దొరికే చోటు. మూతపడితే దానికి ప్రత్యామ్నాయం ఉండదు. ఓడ్నీ వైపు ఉన్న విడిది జాన్ లూయిస్ భాగస్వామ్య సంస్థ ఉద్యోగుల కోసం నడుస్తోంది. నదిలో తెరచాప పడవల క్లబ్బు ఉంది.

ఏటా జూలై మూడో వారంలో స్వాన్ అప్పింగ్ అనే హంసల లెక్కింపు పడవలు కుకమ్ మీదుగా పైకి సాగుతాయి. వింట్నర్స్, డయర్స్ అనే రెండు పాత లండన్ వర్తక సంఘాలకు పదిహేనో శతాబ్దం నుంచి థేమ్స్ హంసల్లో హక్కుంది. ఒకప్పుడు విందు కోసం హంసలను పంచుకోవడానికి సాగిన తంతు ఇప్పుడు హంసపిల్లలను లెక్కించి, తూచి, గాయాలు పరీక్షించే సంరక్షణ కార్యక్రమంగా మారింది. రూపం పాతదే, ప్రయోజనం కొత్తది. 1996లో ప్రారంభమైన థేమ్స్ పాత్ కాలిబాట కూడా ఊరి గుండా వెళుతుంది. సుమారు 184 మైళ్ల ఆ బాట చాలా దూరం నదిని అంటిపెట్టుకునే ఉంటుంది. కుకమ్‌లో మాత్రం చర్చి ఆవరణ గుండా ఊళ్లోకి తిరిగి, కొంత దూరం పోయాకే మళ్లీ నదిని చేరుతుంది. కారణం పాత బల్లకట్లు పోవడమే. వంతెనను కొన్నట్టు, బీళ్లను కొన్నట్టు బల్లకట్లను ఎవరూ కొని నిలపలేదు. బాటసారి నేడు వేసే ఆ చుట్టు అడుగులు నిర్ణయం జరగని చోటు మిగిల్చిన లోటు.

అభ్యంతరాలు

ఈ వాదనకు మూడు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది భౌగోళికమైనది. మూర్, కాక్ మార్ష్ వరద నేలలు. వాటి మీద ఎలాగూ ఇళ్లు కట్టలేరు, కాబట్టి వాటిని కాపాడింది మనుషుల నిర్ణయం కన్నా నీరే అనవచ్చు. కానీ వరద నేల అయినంత మాత్రాన కట్టడాలు ఆగవని థేమ్స్ లోయ అంతా సాక్ష్యమిస్తుంది. కుకమ్‌కు కాస్త దిగువన మెయిడెన్‌హెడ్, విండ్సర్, ఈటన్ పట్టణాల వైపు నది పల్లాల్లో ఇళ్లు పెరిగాయి. వాటి రక్షణ కోసం చివరికి 11 కిలోమీటర్లకు పైగా పొడవున్న జూబిలీ రివర్ అనే కృత్రిమ నదినే తవ్వవలసి వచ్చింది. అది 2002లో పూర్తయింది. వరద భయం ఒక్కటే కట్టడాలను ఆపగలిగి ఉంటే ఆ నది అవసరమే వచ్చేది కాదు. పైగా వింటర్ హిల్ వంటి ఎత్తైన బీళ్లకు వరద రక్షణ లేదు. నది చూపు దొరికే ఆ మిట్టలే ఇళ్లకు అన్నిటికన్నా ముందు అమ్ముడుపోయేవి. వాటిని 1934 నాటి ఒప్పందమే కాపాడింది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఇది డబ్బున్న ఊరు. డబ్బున్నవాళ్లు చందాలు వేసుకోగలరు, వకీళ్లను పెట్టుకోగలరు, పబ్బును కొనగలరు. పేద ఊళ్లకు ఈ పాఠం పనికిరాదు. పైగా పరిరక్షణ వల్లే ఇళ్ల ధరలు పెరిగి ఇక్కడ పుట్టిన యువత ఇక్కడ ఉండలేకపోతోంది. ఇందులో నిజముంది. ఊరి చుట్టూ ఉన్న భూమి లండన్ గ్రీన్‌బెల్ట్‌లో ఉంది, కొత్త ఇళ్లకు అనుమతి దొరకడం కష్టం. లండన్‌కు రైలుంది, నది ఉంది, పచ్చిక ఉంది. కొనేవారు ఎక్కువై ఇళ్లు తక్కువైతే ధర పెరగక మానదు. అందువల్ల కుకమ్‌ను ఆదర్శ సమాజంగా చూపడం తప్పే. అయితే ఇల్లు కొనుక్కోగలిగినవారికే దక్కే సుఖాన్నీ, ఎవరికైనా దక్కే సదుపాయాన్నీ వేరు చేసి చూడాలి. మూర్ మీద నడవడానికి ఎవరూ రుసుము అడగరు. వంతెన మీద 1947 నుంచి సుంకం లేదు. కాలిబాట ఏ ఊరివాడికైనా తెరిచే ఉంది. 1934లో ఆ బీళ్లు భూస్వామి చేతిలోనే ఉండి, ముక్కలై అమ్ముడుపోయి ఉంటే, నదికి ఎదురుగా ఉన్న స్థలాలు మరికొందరు సంపన్నుల తోటలయ్యేవి, మిగతావారికి నది చూపు కూడా దక్కేది కాదు. డబ్బున్నవారు తమ డబ్బును కంచె కట్టడానికి కాక కంచె లేకుండా చేయడానికి ఖర్చు పెట్టిన సందర్భమది. ఇళ్ల ధరల సమస్యకు పరిష్కారం ఆ బీళ్లను విప్పడంలో దొరకదు. ఇప్పటికే కట్టి ఉన్న వాడల్లో అందుబాటు ధరల ఇళ్లకు చోటు కల్పించడం అనే మరో ఉమ్మడి నిర్ణయంలోనే దొరుకుతుంది. ఆ నిర్ణయం తీసుకోకుండా పాత నిర్ణయాల ఫలం మాత్రమే అనుభవిస్తే, ఊరు తన చరిత్ర నేర్పిన పాఠాన్ని సగమే నేర్చుకున్నట్టు.

మూడో అభ్యంతరం కళ వైపు నుంచి వస్తుంది. స్పెన్సర్ కీర్తి లేకపోతే ఈ ఊరిని ఎవరు పట్టించుకునేవారు, కీర్తే దీన్ని కాపాడిందిగదా అని. కాలక్రమం ఈ మాటను ఒప్పుకోదు. బీళ్లు ట్రస్టు చేతికి వెళ్లినప్పుడు స్పెన్సర్ నలభై మూడేళ్ల చిత్రకారుడు. గ్యాలరీ పుట్టడానికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్లుంది. పర్యాటకుల రాకను ఆశించి చేసిన పనిగా ఆ కొనుగోలు కనిపించదు. బంధం ఉంటే అది తిరగేసిన దిశలో ఉంది. స్పెన్సర్ రోజూ నడిచిన కాజ్‌వే, వీధి, చర్చి ఆవరణ అందరి వాడుకలోనూ ఉన్నాయి కాబట్టే అతని చిత్రాల్లో ఊరంతా ఒకేచోట చేరగలిగింది. ఉమ్మడి స్థలాలు లేని ఊళ్లో పునరుత్థానాన్ని గీయాలన్నా జనాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియదు. కీర్తి వచ్చాక అది పరిరక్షణకు తోడ్పడిందనడంలో సందేహం లేదు. మొదలు మాత్రం కీర్తి కాదు.

కుకమ్ పన్నెండు వందల ఏళ్ల చరిత్రను ఒకచోట చేర్చి చూస్తే తేలేది ఇది. రాణి తీసుకున్న మఠం, రాజు నిలిపిన కోట, కంపెనీ కట్టిన కొయ్య వంతెన పోయాయి. చర్చి, ఉచిత వంతెన, బీళ్లు, గ్యాలరీ, ఊరు కొన్న పబ్బు మిగిలాయి. మొదటి వరసలోవి ఎవరో ఒకరి హక్కు మీద ఆధారపడ్డాయి. రెండో వరసలోవి అందరి వాడుక మీద, ఆ వాడుకకు రాతపూర్వకంగా కట్టిన భద్రత మీద ఆధారపడ్డాయి. మారుతున్న వాతావరణంలో థేమ్స్ వరదలు ఇంకా తరచుగా రావచ్చు. 1867 నాటి ఇనుముకు మరమ్మతుల ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగాలకు లండన్ వెళ్లేవారికి ఊరి సంస్థల కోసం స్వచ్ఛందంగా పనిచేసే తీరిక తగ్గవచ్చు. ఇవేవీ పాత వైభవం తనంతట తాను తీర్చే సమస్యలు కావు. 1934లో చందా వేసినవారూ, 1947లో సుంకం ఎత్తివేసినవారూ, 1987లో పబ్బు కొన్నవారూ తమ కాలపు ఖర్చును తాము భరించారు. నేటి కుకమ్‌వాసులకూ ఆ వంతు వచ్చింది. నది ఒడ్డున ఊరిని నిలపాలనుకునే ఏ సమాజానికైనా, అది ఏ దేశంలో ఉన్నా, ఇంతకంటే దగ్గరి దారి లేదు.